సర్టిఫికెట్లు మూడున్నాయి, అయినా "ఎక్స్‌పీరియన్స్ ఉందా" అంటున్నారు

గుంటూరు నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దంది, పనిచేసే చోటు పేరు నేనే తీసేశాను. చాలా పెద్ద ఉత్తరం, కుదించి చెప్తాను.

తనకి 24 ఏళ్ళు. 2022లో బీఎస్సీ కంప్యూటర్స్ పాసయింది. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా, అమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది, తమ్ముడు ఇంటర్. తను రెండేళ్ళ నుంచి కొత్తపేటలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేస్తోంది, జీతం 14 వేలు, అందులోనే పీఎఫ్ కట్ అవుతుంది. రాత్రిళ్ళు కూర్చుని చదువుకుని మూడు సర్టిఫికెట్లు తెచ్చుకుంది. ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ ఒకటి, అజూర్ ఫండమెంటల్స్ ఒకటి (క్లౌడ్ అంటే ఇంటర్నెట్ మీద సర్వర్లు అద్దెకివ్వడం, ఏడబ్ల్యూఎస్ అమెజాన్ వాళ్ళది, అజూర్ మైక్రోసాఫ్ట్ వాళ్ళది), ఫ్రీగా చేసిన సైబర్ సెక్యూరిటీ కోర్సుది ఇంకోటి. కనపడ్డ ప్రతి క్లౌడ్ ఉద్యోగానికీ అప్లై చేసింది. రెండు చోట్ల నుంచే ఫోన్ వచ్చింది, రెండు చోట్లా "హ్యాండ్స్ ఆన్ ఉందా", అంటే చేత్తో చేసిన అనుభవం ఉందా అని అడిగి ఫోన్ పెట్టేశారు. అందులో ఒకాయన "లినక్స్ సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది, ఏం చేస్తావు" అని అడిగితే (లినక్స్ అంటే విండోస్ లాంటిదే, సర్వర్లలో ఎక్కువగా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్), పుస్తకంలో చదివిందే అయినా నోట మాట రాలేదంట.

ఇప్పుడు తలో మాట చెప్తున్నారు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు డెవాప్స్, క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ మూడూ కలిపి ఆరు నెలలు, 85 వేలు, జాబ్ గ్యారంటీ అన్నారు. అమ్మ గొలుసు తాకట్టు పెట్టి కడతానంటున్నాడు నాన్న. పెదనాన్న గారబ్బాయి ఉద్యోగం మానేసి అమీర్‌పేట వచ్చి హాస్టల్లో ఉండి నేర్చుకోమంటున్నాడు. డిగ్రీ ఫ్రెండ్ ఒకమ్మాయి హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ ద్వారా రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తానంది, తర్వాత పరీక్షకి డంప్స్ (అసలు పరీక్షలోంచి బయటికి లాగిన ప్రశ్నలు, జవాబులు) కూడా పంపింది. ఇంట్లో ఉగాది దాటాక సంబంధాలు చూస్తామంటున్నారు. తన ప్రశ్న ఇది: "అన్నయ్యా, ఏ సర్టిఫికెట్ చేస్తే నాకు ఉద్యోగం వస్తుంది? ఎక్స్‌పీరియన్స్ లేందే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేందే ఎక్స్‌పీరియన్స్ ఎక్కడ్నుంచి తేవాలి?"

అన్నయ్యా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నానమ్మా.

నీ ఉత్తరంలో సర్టిఫికెట్ల గురించి రెండు పేజీలు రాశావు. మూడో పేజీలో మాత్రం హాస్పిటల్ మీద విసుగుతో ఒక పేరా రాశావు, దాన్ని ఇక్కడ యథాతథంగా పెడుతున్నా. "నా పని కాని పనులన్నీ నాకే చెప్తారు, సిస్టమ్ ఆగితే నన్నే పిలుస్తారు, కొత్త కంప్యూటర్ వస్తే ఐపీ పెట్టేది నేనే, సర్వర్ రూమ్ తాళం నా దగ్గరే, సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఫోన్లో చెప్తుంటే బ్యాకప్ తీసేది నేనే, ల్యాబ్‌లో ప్రింటర్ రోజూ పదింటికల్లా ఆగిపోతుంది, ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు పనిచేసి మళ్ళీ ఆగిపోతుంది, దాని చుట్టూ తిరగడానికే సరిపోతుంది."

ఎక్స్‌పీరియన్స్ ఎక్కడ్నుంచి తేవాలి అని అడిగావు కదా, ఇదేనమ్మా అది. ఊళ్ళో కంపెనీలు "డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంజనీర్", "ఐటీ ఎగ్జిక్యూటివ్" అని పేరు పెట్టి మనుషుల్ని తీసుకునేది ఈ పనులకే. నువ్వు రెండేళ్ళుగా చేస్తున్నావు, నీ డెసిగ్నేషన్‌లో కంప్యూటర్ ఆపరేటర్ అని ఉంది కాబట్టి రెజ్యూమెలో కూడా "బిల్లింగ్, డేటా ఎంట్రీ" అని ఒక్క లైను రాసి వదిలేశావు. నువ్వు పంపిన రెజ్యూమె నేను చూశాను, మూడు సర్టిఫికెట్లు పైన పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, సర్వర్ రూమ్ మాట ఎక్కడా లేదు.

ఆ ప్రింటర్ దగ్గరే కాసేపు ఆగుదాం, ఎందుకంటే నువ్వు ఇంటర్వ్యూలో చెప్పగలిగే మొదటి కథ అదే అవ్వచ్చు. ప్రింటర్‌కి ఎవరో ఒక ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్) చేత్తో పెట్టి ఉంటారు, 192.168.1.50 అనుకో. రూటర్‌లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు తనంతట తనే పంచే ఏర్పాటు) మాత్రం మొత్తం రేంజ్‌ని ఎవరొస్తే వాళ్ళకి పంచేలా ఉండుంటుంది. పొద్దున ఓపీ మొదలయ్యాక పేషెంట్లు, వాళ్ళతో వచ్చినవాళ్ళు వైఫై కనెక్ట్ చేసుకుంటారు, ఫోన్లు ఒక్కోటి ఒక్కో అడ్రస్ తీసుకుంటూ పోతాయి, పదింటికల్లా ఎవరి ఫోన్‌కో 50 వెళ్ళిపోతుంది. అప్పుడు ల్యాబ్ కంప్యూటర్ రిపోర్ట్ పంపితే అది ప్రింటర్‌కి కాకుండా ఆ ఫోన్‌కి పోతుంది, ఫోన్ ఏం చేసుకుంటుంది దాన్ని. నువ్వు ప్రింటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే అది లేస్తూనే ఈ అడ్రస్ నాది అని నెట్‌వర్క్ మొత్తానికి చెప్తుంది, అందుకే కాసేపు పనిచేస్తుంది, తర్వాత మళ్ళీ మామూలే. ఇదే కారణమా కాదా తేల్చుకోవడం కష్టం కాదు. ప్రింటర్ ఆగిపోయినప్పుడు దాని నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, ల్యాబ్ కంప్యూటర్ నుంచి ఆ అడ్రస్‌కి పింగ్ (అక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగే కమాండ్) కొట్టు. కేబుల్ లేకపోయినా జవాబు వస్తోందంటే అక్కడ ఇంకెవరో ఉన్నట్టే. కొన్ని ఫోన్లు పింగ్‌కి పలకవు, అందుకని పింగ్ కొట్టాక ఆర్ప్ మైనస్ ఏ కమాండ్ కూడా కొట్టి, ఆ ఐపీ ఎదురుగా కనపడే మ్యాక్ అడ్రస్ (ఒక్కో పరికరానికీ విడిగా ఉండే నంబరు) రాసుకుని, ప్రింటర్ వెనక స్టిక్కర్ మీద ఉన్న మ్యాక్‌తో పోల్చి చూడు. రెండూ వేరు అయితే దొంగ దొరికినట్టే.

దానికి మందు ఏంటంటే రూటర్‌లో డీహెచ్‌సీపీ రేంజ్‌ని 100 నుంచి మొదలుపెట్టి, కింద ఉన్నవి ప్రింటర్లకీ సర్వర్‌కీ వదిలేయడం. అసలైన మందు మాత్రం పేషెంట్ల వైఫైని పూర్తిగా వేరే నెట్‌వర్క్ చేయడం, ఎందుకంటే బయటివాళ్ళ ఫోన్లు, బిల్లింగ్ సర్వరు, ల్యాబ్ రిపోర్టులు ఒకే నెట్‌వర్క్‌లో ఉండటం ప్రింటర్ ఆగిపోవడం కంటే పెద్ద ప్రమాదం. ఈ మాట మీ మేనేజ్‌మెంట్‌కి నువ్వే చెప్పాలి, ఒక పేజీలో రాసి ఇవ్వు. వాళ్ళు ఒప్పుకుని, రూటర్ పెట్టినవాళ్ళు కూడా సరేనన్నాకే చెయ్యి, అదీ ఓపీ టైమ్‌లో కాదు, రూటర్‌లో ఇప్పుడున్న సెట్టింగ్స్ ఫొటోలు తీసి పెట్టుకుని సాయంత్రం పూట చెయ్యి. హాస్పిటల్ సిస్టమ్ మీద సొంతంగా ప్రయోగాలు చేయొద్దు, పేషెంట్ల డేటా పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకుని ప్రాక్టీస్ చేయడం అసలు వద్దు. నేర్చుకునే తపనలో కొంతమంది చేసే పని ఇది, అందుకే ముందే చెప్తున్నా.

అయిపోయాక ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకో: ఏం ఆగింది, నేను ఏం అనుకున్నాను, ఏం చూశాను, ఏం దొరికింది, ఏం మార్చాను, తర్వాత మళ్ళీ వచ్చిందా. బ్యాకప్ విషయంలోనూ అంతే. బ్యాకప్ తీస్తున్నానన్నావు, ఎప్పుడైనా దాన్ని వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి చూశారా అని సాఫ్ట్‌వేర్ వాళ్ళని అడుగు. చాలా చోట్ల ఎవరూ చూసి ఉండరు. హాస్పిటల్లోనే, పర్మిషన్ తీసుకుని, వాళ్ళని లైన్లో పెట్టుకుని ఒకసారి చేయించగలిగితే అది నీ రెజ్యూమెలో రెండో కథ. నేను చాలా ఏళ్ళు సర్వర్ల పని చేశాను, మనుషుల్ని తీసుకునే ఇంటర్వ్యూల్లోనూ కూర్చున్నాను. ఇలాంటి కథలు రెండు సొంతంగా చెప్పగలిగినవాళ్ళని కూర్చోబెట్టి ఇంకా అడుగుతాం, సర్టిఫికెట్ పేర్లు చదివేవాళ్ళకి థాంక్యూ చెప్పి పంపిస్తాం.

డిస్క్ నిండిపోయిన ప్రశ్న కూడా చెప్పేస్తా. వాళ్ళకి కావాల్సింది నువ్వు ఏ వరసలో ఆలోచిస్తావన్నదే. ముందు డీఎఫ్ మైనస్ హెచ్ అనే కమాండ్ కొట్టి ఏ పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) నిండిందో చూస్తాను, డీయూతో ఏ ఫోల్డర్ పెరిగిందో వెతుకుతాను, మామూలుగా వార్ లాగ్ అనే ఫోల్డర్ (ప్రోగ్రాములు జరిగింది రాసుకునే లాగ్ ఫైళ్ళు ఉండే చోటు) కింద ఉంటుంది, చూడకుండా డిలీట్ చేయను, ఏ ప్రోగ్రామ్ అది రాస్తోందో కనుక్కుంటాను అని చెప్పాలి. డీఎఫ్ నిండిపోయిందంటోంది, డీయూ మాత్రం అంత లేదంటోంది అనుకో, ఎవరో పెద్ద లాగ్ ఫైల్ డిలీట్ చేసుంటారు, ప్రోగ్రామ్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకునుంటుంది, ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌తో అది ఏదో చూసి ఆ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే గానీ జాగా ఖాళీ అవ్వదు. ఒక్కోసారి జాగా ఉన్నా ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒక్కోటి కావాల్సిన నమోదులు) అయిపోతాయి, డీఎఫ్ మైనస్ ఐలో కనపడుతుంది. ఇది చదివితే రెండు నిమిషాలు పట్టింది కదా. రేపు ఇంటర్వ్యూలో మళ్ళీ నోరు పెగలాలంటే మాత్రం నీ చేత్తో ఒక డిస్క్ నింపి, సర్వర్ మొరాయించడం కళ్ళతో చూసి, బాగు చేసుండాలి. నాలుగుసార్లు చేసినదాన్ని ఎవరు ఎప్పుడు అడిగినా నోరు అదే తిరుగుతుంది.

ఇక నీ సర్టిఫికెట్లు. వాటిని తక్కువ చేయను, హాస్పిటల్ డ్యూటీ చేసొచ్చి రాత్రి పూట చదివి పాసవ్వడం మాటలు కాదు. కానీ క్లౌడ్ ప్రాక్టీషనర్, అజూర్ ఫండమెంటల్స్ రెండూ మొదటి మెట్టు పరీక్షలు, సేల్స్‌వాళ్ళూ మేనేజర్లూ కూడా రాసేలా పెట్టినవి, అందులో నువ్వు ఒక్క మెషీన్ కూడా ఆన్ చేయక్కర్లేదు. అది కంపెనీలకీ తెలుసు. అదే మెట్టు మీద మూడు తీసుకున్నావు, నాలుగోది కూడా అక్కడే తీసుకుంటే ఏమీ మారదు. ఇప్పుడు నీకు కావాల్సింది ఒక్కటే పరీక్ష, కానీ చేత్తో చేసే పని అడిగేది.

నాకు కనపడే దారులు రెండు. మొదటిది లినక్స్, నెట్‌వర్కింగ్ వైపు. నెట్‌వర్కింగ్‌కి సిస్కో వాళ్ళ సీసీఎన్ఏ ఉంది, 2020 నుంచి ఒక్కటే పరీక్ష, 200-301 అంటారు, రెండు గంటలు, ఫీజు 300 డాలర్లు, అంటే మన డబ్బుల్లో పాతిక వేలు దాటుతుంది. ప్రాక్టీస్‌కి రూటర్లు కొనక్కర్లేదు, సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో రిజిస్టర్ అయితే ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటర్లోనే నెట్‌వర్క్ కట్టి చూసే ప్రోగ్రామ్) ఫ్రీగా ఇస్తారు. లినక్స్‌కి రెడ్‌హ్యాట్ వాళ్ళ ఆర్‌హెచ్‌సీఎస్ఏ ఉంది. దీంట్లో ఆప్షన్లు టిక్కు పెట్టడం ఉండదు, ఒక మెషీన్ ఇచ్చి పనులు చెప్తారు, నువ్వు చేసిన పని రీబూట్ అయ్యాక కూడా నిలబడి ఉంటేనే మార్కులు, 300కి 210 రావాలి. అందుకే ఈ పేరు చూస్తే ఇంటర్వ్యూ చేసేవాడికి కొంచెం నమ్మకం కలుగుతుంది.

రెండో దారి, ఇప్పటికే మొదలుపెట్టావు కాబట్టి క్లౌడ్‌లోనే పై మెట్టుకి వెళ్ళడం. ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ 150 డాలర్లు. ఇక్కడ ఒక విషయం నీకు ఎవరూ చెప్పినట్టు లేరు, ఏడబ్ల్యూఎస్ ఒక పరీక్ష పాసైతే తర్వాతి పరీక్షకి సగం డిస్కౌంట్ ఇస్తుంది, నీ సర్టిఫికేషన్ అకౌంట్‌లో బెనిఫిట్స్ అని ఉంటుంది, వాడుకోలేదేమో చూడు. అజూర్ వైపు అయితే ఏజెడ్ 104 అనే అడ్మినిస్ట్రేటర్ పరీక్ష, మైక్రోసాఫ్ట్ దేశాన్ని బట్టి ధర పెడుతుంది కాబట్టి మనకి చాలా తక్కువ పడుతుంది. అది ఏడాదికే ఎక్స్‌పైర్ అవుతుంది, కానీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా రెన్యూ చేసుకోవచ్చు. ఏడబ్ల్యూఎస్, సిస్కో, రెడ్‌హ్యాట్ మూడూ మూడేళ్ళు ఉంటాయి. ఈ దారిలో ఖర్చు తక్కువ, పేరు కూడా ఉద్యోగాల యాడ్స్‌లో ఎక్కువ కనపడుతుంది. ఇబ్బంది ఏంటంటే ఫ్రెషర్‌ని నేరుగా క్లౌడ్ ఇంజనీర్‌గా తీసుకునే చోట్లు తక్కువ, తీసుకున్నా మొదటి రోజు నుంచే అడిగేది లినక్స్, నెట్‌వర్కింగే.

నన్నడిగితే మొదటి దారిలో ఆర్‌హెచ్‌సీఎస్ఏ ముందు, ఎందుకంటే నెట్‌వర్కింగ్ నీకు హాస్పిటల్లో చేత్తో దొరుకుతోంది, లినక్స్ దొరకట్లేదు. సీసీఎన్ఏ సిలబస్ చదువు, ప్యాకెట్ ట్రేసర్ చెయ్యి, ఫీజు కట్టి రాయడం మాత్రం ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు. ఉద్యోగం వచ్చిన ఏడాదికి సగం డిస్కౌంట్‌తో ఆ ఏడబ్ల్యూఎస్ రాయి, అప్పుడు దానికి విలువ వస్తుంది. అదే ఆరు నెలల్లోపు తప్పకుండా ఊరు దాటాలి అనుకుంటే మాత్రం, చేతిలో ఉన్నదాంతో, రెజ్యూమె మార్చి, ఇప్పుడే సపోర్ట్ ఉద్యోగాలకి అప్లై చేయడం మొదలుపెట్టు, చదువు పక్కన నడుస్తుంది. సైబర్ సెక్యూరిటీ నీకు ఇష్టమని రాశావు, దాన్ని వదిలేయమనట్లేదు, కానీ నెట్‌వర్కూ సర్వరూ తెలియకుండా సెక్యూరిటీలో నిలబడటం కష్టం. అందులో పెద్ద పేరున్న సీఐఎస్ఎస్‌పీ సర్టిఫికెట్‌కి ఐదేళ్ళ అనుభవం చూపించాలనే రూలే ఉంది.

ఇంట్లో ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్ అన్నావు. 85 వేల గురించి ఆలోచించే ముందు దానికి ఇంకో 4 జీబీ, ఒక ఎస్ఎస్‌డీ వేయించు. వర్చువల్‌బాక్స్ (ఒకే కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్) ఫ్రీ, రెడ్‌హ్యాట్ డెవలపర్ అకౌంట్ ఒక మనిషికి 16 మెషీన్ల దాకా ఫ్రీ, లేదంటే ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ ఉన్నాయి, అవీ దాదాపు అదే. గ్రాఫిక్స్ లేకుండా చిన్న మెషీన్లు రెండు పెట్టుకో. ఒకదాంట్లో వెబ్ సర్వర్ పెట్టు, రెండోదానికి రోజూ రాత్రి బ్యాకప్ వెళ్ళేలా చెయ్యి, తర్వాత మొదటిదాన్ని డిలీట్ చేసేసి బ్యాకప్‌తో మళ్ళీ లేపు. ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో (మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు తగిలించాలో రాసి ఉండే ఫైల్) కావాలని ఒక లైను తప్పు రాసి రీబూట్ చెయ్యి, మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, అక్కడ్నుంచి బయటపడు. రూట్ (అన్ని అధికారాలున్న అకౌంట్) పాస్‌వర్డ్ మర్చిపోయినట్టు అనుకుని మార్చు. వెబ్‌సైట్ ఫోల్డర్‌ని మామూలు చోటు నుంచి వేరే చోటికి మార్చు, పర్మిషన్లన్నీ సరిగ్గానే ఉంటాయి, అయినా 403, అంటే అనుమతి లేదు అని తిప్పి కొడుతుంది. అప్పుడు చాలామంది ఎస్‌ఈలినక్స్‌ని (లినక్స్‌లో ఉండే అదనపు కాపలా) ఆఫ్ చేసి చేతులు దులుపుకుంటారు. నువ్వు ఆఫ్ చేయకుండా, ఆ ఫోల్డర్ మీద లేబుల్ ఏముందో ఎల్ఎస్ మైనస్ జెడ్‌తో చూసి, సరైన లేబుల్ పెట్టి, రిస్టోర్‌కాన్ కొట్టి పేజీ తెప్పించు. నా లెక్కలో ఈ ఒక్క పని పది వీడియోలు చూసినదానికంటే ఎక్కువ. చేసినవన్నీ గిట్‌హబ్‌లో (చేసిన పని నలుగురికీ కనపడేలా పెట్టుకునే సైట్) మామూలు మాటల్లో రాసి పెట్టు, ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు. ఏడబ్ల్యూఎస్ అకౌంట్ తెరిస్తే మాత్రం మొదటి రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకో, పని అయిపోగానే అన్నీ డిలీట్ చెయ్యి. ముఖ్యంగా నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లకి ఇంటర్నెట్ దారి) లాంటివి ఊరికే ఉన్నా గంటల లెక్కన బిల్లు పడుతూనే ఉంటుంది.

ఇన్‌స్టిట్యూట్ సంగతి. అన్ని ఇన్‌స్టిట్యూట్లూ మోసం అని నేను అనను, ఒంటరిగా కూర్చుని చదవలేనివాళ్ళకి క్లాసు, పక్కన నలుగురు ఉండటం నిజంగా పనికొస్తుంది. కానీ నువ్వు ఒంటరిగా మూడు పాసైనదానివి, నీకు ఆ ఇబ్బంది లేదు. ఆరు నెలల్లో మూడు సబ్జెక్టులు అంటే ఏదీ లోతుగా రాదు. వెళ్ళాలనే ఉంటే ఒక్క లినక్స్ కోర్సుకే ఎంతో అడుగు, వారానికి ల్యాబ్ ఎన్ని గంటలో అడుగు, పరీక్ష ఫీజు అందులో ఉందా లేదా అడుగు, పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్ళ నంబర్లు అడిగి వాళ్ళతోనే మాట్లాడు. జాబ్ గ్యారంటీ అన్నారు కదా, ఏ ఉద్యోగం, ఎంత జీతం, ఎన్ని నెలల్లో, రాకపోతే ఎంత వెనక్కిస్తారు అన్నది కాయితం మీద సంతకం పెట్టి ఇమ్మను. ఇస్తే ఆలోచించొచ్చు. "ఇంటర్వ్యూలకి పంపిస్తాం" అని మాట మారిస్తే అది గ్యారంటీ కాదు. ఏదైనా సరే మీ అమ్మ గొలుసు మాత్రం తాకట్టు దాకా పోనివ్వకు. నెలనెలా వడ్డీ కట్టాలన్న భయం నెత్తిన పెట్టుకుని చదివితే ఏ ఉద్యోగం దొరికితే దాంట్లో పడిపోతావు, నచ్చింది ఎంచుకునే ఓపిక ఉండదు.

హైదరాబాద్ వెళ్ళడం తప్పేం కాదు, ఉద్యోగాలు అక్కడే ఎక్కువ. ఈ పని మానేసి నేర్చుకోవడానికి వెళ్ళడం మాత్రం నీ విషయంలో నష్టం, ఎందుకంటే నీ ల్యాబ్ ఇక్కడే ఉంది, ఆ జీతంతోనే పరీక్ష ఫీజు కట్టుకోవచ్చు. ఆఫర్ చేతికొచ్చాక వెళ్ళు. ఈలోపు ఇటువైపు కూడా చూడు, గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ ఉంది, మేధా టవర్స్‌లో కంపెనీలున్నాయి, మంగళగిరిలో డేటా సెంటర్ ఉంది, చిన్న ఐటీ కంపెనీలున్నాయి. కాలేజీలు, పెద్ద హాస్పిటల్స్‌లో సిస్టమ్ అడ్మిన్ పోస్టులు పడుతుంటాయి. వెతికేటప్పుడు "క్లౌడ్ ఇంజనీర్" అని కాకుండా సర్వీస్ డెస్క్, ఎల్ 1 సపోర్ట్ (మొదటి మెట్టు సపోర్ట్), ఎన్ఓసీ ఇంజనీర్ (నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండే పని), జూనియర్ సిస్టమ్ అడ్మిన్ అని వెతుకు. వీటిల్లో నైట్ షిఫ్టులు ఉంటాయి, క్యాబ్ ఇస్తారా లేదా ముందే అడిగి తెలుసుకో, మొహమాటపడకు. ఉత్తరం చదివే మిగతావాళ్ళలో అసలు ఏ ఉద్యోగమూ లేనివాళ్ళుంటే కేంద్ర ప్రభుత్వం నాట్స్ పోర్టల్ చూడండి, డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్ళకి స్టైపెండ్ ఇచ్చి అప్రెంటిస్‌షిప్ చేయిస్తారు.

ఇక మీ ఫ్రెండ్ చెప్పిన దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్. దీన్ని నేను ఒప్పుకోను, అయినా కోప్పడకుండా జరిగేదేంటో చెప్తా. నీకు పీఎఫ్ కట్ అవుతోంది అన్నావు, అంటే నీ యూఏఎన్ (పీఎఫ్ నంబరు) కింద ఈ రెండేళ్ళూ హాస్పిటల్ పేరు మీద నెలనెలా నమోదై ఉన్నాయి. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ హిస్టరీ చూస్తాయి. అవే రెండేళ్ళు ఇంకెక్కడో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసినట్టు లెటర్ పెడితే అక్కడికక్కడే దొరికిపోతావు. ఒకవేళ చేరిన ఆరు నెలలకి బయటపడినా అప్పుడు తీసేస్తారు, తర్వాతి కంపెనీకి ఎందుకు మానేశావో చెప్పుకోవాలి. దొరక్కపోయినా, రెండేళ్ళ అనుభవం ఉన్నదనుకుని అర్ధరాత్రి సర్వర్ నీకు అప్పగిస్తారు, పక్కన అడగడానికి ఎవరూ ఉండరు, ఆ ఒత్తిడి ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా మామూలుగా ఉండదు. అన్నిటికంటే నాకు బాధగా ఉన్నది, ఆ దొంగ కాయితం కోసం నువ్వు నిజంగా పడ్డ రెండేళ్ళ కష్టాన్ని దాచేయాలి. ఆ ఫ్రెండ్ కూడా అవసరంలో చేసుంటుంది, ఆమెని ఏమీ అనకు, నువ్వు మాత్రం వద్దను.

డంప్స్ సంగతి కూడా అంతే. పరీక్ష మొదట్లో మనం ఒప్పుకునే రూల్స్‌లోనే అవి వాడకూడదని ఉంటుంది, తెలిస్తే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్ళీ రాయనివ్వరు. ఆర్‌హెచ్‌సీఎస్ఏలో బట్టీ పట్టిన జవాబులతో ఎలాగూ పని జరగదు.

ఇంట్లో విషయం నేను దూరం నుంచి చెప్పేది కొంచెమే. మీ నాన్నగారు గొలుసు తాకట్టు పెడతానన్నారంటే నీ చదువు మీద నమ్మకం ఉందనే కదా. "నాకు టైమ్ కావాలి" అని ఊరికే అంటే పెద్దవాళ్ళకి అంతు దొరకదు. నెలలు, డబ్బులు వేసి ఒక కాయితం మీద రాసి ఆయన ముందు పెట్టు, ఫలానా నెలకి లినక్స్ సగం అవ్వాలి, ఫలానా నెలలో పరీక్ష, ఖర్చు ఇంత, అది నా జీతంలోంచే, తాకట్టు అక్కర్లేదు అని. లెక్క రాసే మనిషికి లెక్కలోనే చెప్తే బాగా ఎక్కుతుంది. సంబంధాలు చూస్తే చూడనివ్వు, కానీ మాటల్లో ఉద్యోగం చేస్తాను అన్నది మొదటి రోజే చెప్పించు, తర్వాత చెప్పొచ్చులే అని వాయిదా వేయించకు. ఒకవేళ ఊరు మారాల్సి వచ్చినా సపోర్ట్ అనుభవం, లినక్స్ ఎక్కడికైనా నీతో వస్తాయి.

ఈ వారంలో చేయాల్సినవి రెండున్నాయి. మీ హాస్పిటల్ అడ్మినిస్ట్రేటర్‌ని కలిసి, నీ డెసిగ్నేషన్‌ని "కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ఐటీ సపోర్ట్" అని మార్చమని అడుగు. జీతం పెంచమని అదే రోజు అడగకు, రెండూ కలిపితే రెండూ ఆగిపోతాయి. మార్చకపోతే కనీసం నువ్వు చేస్తున్న పనులు, ఎన్ని కంప్యూటర్లు చూస్తున్నావు, బ్యాకప్, నెట్‌వర్క్, ప్రింటర్లు, ఇవన్నీ రాసిన సర్వీస్ లెటర్ లెటర్‌హెడ్ మీద ఇప్పించుకో. అందులో ఒక్క అబద్ధం ఉండక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

రెండోది పేరు. నీ టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉందని, పాన్ కార్డులో పూర్తిగా ఉందని రాశావు. పరీక్ష రాసే రోజు చూపించబోయే గుర్తింపు కార్డులో ఉన్న పేరూ, పరీక్షకి రిజిస్టర్ చేసుకున్న పేరూ ఒక్కలాగే ఉండాలి, తేడా ఉంటే రాయనివ్వకపోవచ్చు, కట్టిన ఫీజు కూడా పోవచ్చు. పాత మూడు సర్టిఫికెట్లు ఏ పేరుతో వచ్చాయో చూసుకుని, అన్నిట్లో ఒకటే పేరు ఉండేలా సరిచేయించుకుని, ఆ తర్వాతే పరీక్షకి డబ్బు కట్టు.